వరద వస్తుందని బర్రెలకు ముందే తెలుస్తుందా?

"వరదకు ముందే బర్రెలు తలుగులు తెంపుకొని గట్టెక్కాయట, నిజమేనా?" అని ఫోన్లలో తిరుగుతున్న ఒక ఫొటో చూసి ఒకరు అడిగారు. ఆ ఫొటో నాకూ వచ్చింది. అందులో ఒళ్లంతా బురదతో ఉన్న ఆ మూడు బర్రెలు మా మేనమామవి. ఫొటో తీసింది ఆయన కొడుకు, స్టేటస్‌లో పెట్టుకున్నాడు. రెండు రోజులకు 'మనుషుల కంటే మూగజీవాలే నయం' అనే రాతతో, ఏడుపు పాటతో మా ఫ్యామిలీ గ్రూపులోకే తిరిగొచ్చింది.

అది 2023 జులై 27. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసిన రోజు. మోరంచ వాగు పొంగి మోరంచపల్లి జనం డాబాలెక్కారు. మా మామ వాళ్లదీ ఆ వాగు పక్క ఊరే. తెల్లవారుజామున బర్రెల అరుపుకు అత్తమ్మ లేచింది. అవి అరిచిన మాట నిజమే, కానీ అప్పటికే కొట్టంలో మోకాలి లోతు నీళ్లు. మామ కొడవలితో మూడు తలుగులు కోసి గట్టు మీదికి తోలాడు. నాలుగోదానికి నైలాన్ తాడు. తడిసి ముడి బిగుసుకుపోయింది, కొడవలికి తెగలేదు. సూడి బర్రె. నీళ్లు తీశాక గుంజ దగ్గరే కనబడింది.

తర్వాత హోటల్ దగ్గర ఒకాయన "మిగతావి తెలుసుకొని పోయినయ్ గదా, గదానికెందుకు తెల్వలే?" అన్నాడట. మామ చాయ్ అక్కడే పెట్టేసి ఇంటికొచ్చాడు. నేను గ్రూపులో అసలు సంగతి రాస్తే, "నీకు మంచి మాట నచ్చదా" అన్నారు.

ఇక జంతువులకు ఏమీ తెలియదా అంటే, కొంత తెలుస్తుంది. 2024 డిసెంబర్ 4న ఉదయం 7:27కు ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హన్మకొండలో మా వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. సాయంత్రానికి "మా కుక్క రాత్రంతా మొరిగింది" అన్నవాళ్లు వాడకట్టులో నలుగురు తేలారు. ఆ కుక్క రోజూ మొరుగుతుంది! భూకంపంలో మొదట వచ్చే సన్నటి తరంగాలు మనకు తెలియకున్నా కుక్కలకు తెలియవచ్చు. కానీ అవి పెద్ద ఊపు కంటే కొన్ని సెకన్లే ముందొస్తాయి, రాత్రంతా కాదు. 2004 సునామీకి ముందే శ్రీలంకలో యాల అడవి ఏనుగులు పారిపోయాయన్నారు. అక్కడ మెడకు ట్రాన్స్‌మీటర్ కట్టిన ఏనుగుల రికార్డు చూస్తే అలా ముందే పారిపోయిన జాడ లేదు. ఆస్ట్రేలియా అడవి మంటల్లో వాంబాట్లు (నేలలో బొరియలు తవ్వుకొనే జంతువులు) మిగతా జంతువుల్ని పిలిచి బొరియల్లో దాచాయన్నదీ అంతే. బొరియ ఖాళీగా ఉంటే వేరేవి దూరాయి, పిలిచిందెవరూ లేరు.

అయినా ముందే తెలిసినా, గుంజకు కట్టేసిన బర్రె ఏం చేస్తుంది?

మామ ఇప్పుడు నైలాన్ తాడు వాడడం లేదు. ఒక్క గుంజు గుంజితే ఊడే ముడి వేస్తాడు, పెద్ద వాన హెచ్చరిక ఉంటే పడుకునే ముందే విప్పేస్తాడు. అవి పోయి పక్కింటోళ్ల గడ్డివాములో పడుతున్నాయి, పొద్దున్నే పంచాయితీ.