ముప్పై దాటాక టీచర్ అవ్వొచ్చా? చిన్నప్పటి కష్టాలు క్లాసులో పనికొస్తాయా?

చిన్నప్పుడు పని చేసుకుంటూ చదువుకున్నానని, ఇప్పుడు ఆఫీసు ఉద్యోగం వదిలి టీచర్ అవ్వాలనుందని రాశారు. వయసు మించిపోయిందా, పడిన కష్టాలు పాఠం చెప్పడానికి పనికొస్తాయా అని అడిగారు. క్లాసులో వయసు గురించి బెంగ వద్దు. పిల్లల కళ్లకు పాతికేళ్లవాళ్లూ నలభై ఏళ్లవాళ్లూ ఒకేలా ముసలివాళ్లు. రెండో ప్రశ్నకే కాస్త వివరంగా చెప్పాలి.

నాన్న పోయాక నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరాను. తర్వాత ప్రైవేటుగా పరీక్షలు కట్టి డిగ్రీ పూర్తిచేసి, ఒక కంపెనీలో అకౌంట్స్ చూశాను. ముప్పై దాటాక ట్రైనింగ్ చేసి ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను.

ఆ షెడ్డు రోజుల వల్ల క్లాసులో ఒక లాభం ఉంది. "నోటుబుక్ మర్చిపోయాను సార్" అన్న పిల్లాడు నిజంగానే మర్చిపోయాడా, అసలు ఇంట్లో కొననే లేదా అన్నది ముఖం చూస్తే చాలాసార్లు తెలిసిపోతుంది. అలాంటివాణ్ణి అందరి ముందూ నిలదీయకూడదు. బీరువాలో కొన్ని పుస్తకాలు పెట్టుకుని, క్లాసు అయ్యాక ఒకటి చేతిలో పెట్టి పంపేస్తే చాలు. మొదటి పీరియడ్‌లో తూగేవాడు పొద్దున్నే ఏదో పని చేసి వచ్చాడేమో అన్న అనుమానం కూడా నాకు త్వరగా వస్తుంది.

కానీ భిన్నాలు ఎలా చెప్పాలో కష్టాలు నేర్పవు. 1/2, 1/3 కలపమంటే పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/5 అని రాస్తారు. పూర్ణసంఖ్యలకు అలవాటైన బుర్రకు అది సబబుగానే తోస్తుంది. "తప్పు, క.సా.గు. తియ్యి" అంటే తీస్తారు, పరీక్షలో మళ్లీ 2/5 రాస్తారు. అదే, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేమిట్రా?" అని అడిగితే ఆగి చూసుకుంటారు. ఇలాంటి ప్రశ్నలు అప్పటికప్పుడు తట్టవు. పిల్లలు ఎక్కడ ఆగిపోతారో ముందే తెలిసుండాలి, అదే అసలు విద్య.

ఇంకోటి, మౌనం. ఆఫీసు మీటింగులో ఎవరూ మాట్లాడకపోతే మనమే అందుకుంటాం. క్లాసులో అదే చేస్తే దెబ్బ. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే గమనించారు: ప్రశ్న వేశాక టీచర్లు మామూలుగా ఆగేది సుమారు ఒక సెకను. 3 సెకన్లు ఆగగలిగితే జవాబులు పెద్దవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లూ మాట్లాడతారు. చిన్న విషయమే, కానీ ఆ మూడు సెకన్లు నిలబడటం భలే టెన్షన్.

మనలాంటివాళ్లకు ఒక జబ్బు తొందరగా అంటుకుంటుంది. "నేను పనిచేస్తూ చదివాను, నీకేం రోగం?" అనడం. వినేవాడికి అందులో స్ఫూర్తేమీ కనపడదు, చులకనే వినపడుతుంది. దీనికి వ్యతిరేకమైన జబ్బు జాలి. పాపం వాడి పరిస్థితి బాలేదని తేలిక లెక్కలే ఇస్తూ పోతే, పై తరగతికి వెళ్లాక నష్టపోయేది వాడే. కష్టమైన లెక్కే ఇచ్చి, పక్కన కూర్చుని చేయించాలి. మీ కథ ఏడాదికోసారి, అదీ వాళ్లు అడిగితే, చెప్పండి.

పాత ఉద్యోగం మాత్రం ఊహించని చోట్ల పనికొస్తుంది. కోపంగా వచ్చిన తల్లిదండ్రులతో నిదానంగా మాట్లాడటం, రికార్డులు ఏ రోజువి ఆ రోజే పూర్తిచేయడం లాంటివి కొత్తగా కాలేజీ నుంచి వచ్చినవాళ్లకంటే మనకే సులువు. వయసులో చిన్నవాళ్లు సీనియర్లుగా ఉండి తప్పులు దిద్దుతుంటే మనసు చివుక్కుమంటుంది, ఓర్చుకోవాలి.

రాజీనామా ఇచ్చే ముందు మీ డిగ్రీ సబ్జెక్టు అర్హతకు సరిపోతుందో, వయోపరిమితి ఎంతో కనుక్కోండి. ట్రైనింగ్ నెలల ఖర్చు, తర్వాత తగ్గే జీతం గురించి ఇంట్లో అంకెలతో సహా మాట్లాడండి. సెలవు పెట్టి అయినా, తెలిసిన టీచర్ ఎవరైనా ఒప్పుకుంటే క్లాసు వెనక బెంచీలో రోజంతా కూర్చోండి. ఉదయం పీరియడ్లు చూసి మురిసిపోవద్దు, మధ్యాహ్నం ఆఖరి పీరియడ్ దాకా ఉండండి.

ఏ తరగతులకు చెప్పాలనుకుంటున్నారో రాయలేదు. చిన్న తరగతులైతే అన్ని సబ్జెక్టులూ మీవే, రోజంతా ఆ పిల్లలతోనే. హైస్కూలైతే ఒకే సబ్జెక్టు, కానీ సెక్షన్లు ఎక్కువ, దిద్దాల్సిన పేపర్లూ ఎక్కువే. చెబితే దాన్నిబట్టి ఇంకా రాస్తాను.