మూడు అంగుళాల లోపే ఉన్న మడత కత్తి, అభిప్రాయ సేకరణకు మీ జవాబు

కత్తుల నిబంధనలపై అభిప్రాయ సేకరణకు పంపబోయే జవాబు ముసాయిదాలో, మీ మడత కత్తి మూడు అంగుళాల లోపే ఉంది కాబట్టి దానికి ఇప్పటికే మినహాయింపు ఉందని రాశారు. ఆ వాదనకు అడ్డు వస్తున్నది కత్తి పొడవు కాదు, దాని లాక్. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 139వ సెక్షన్ బహిరంగ ప్రదేశంలో కత్తి వెంట ఉంచుకోవడంపై ఉన్న నిషేధం నుంచి, పదును అంచు 3 అంగుళాలకు మించని మడత కత్తిని మినహాయించినా, తెరిచాక లాక్ పడే కత్తిని కోర్టులు ఆ కోవలో చేర్చలేదు. అందువల్ల ‘నా కత్తికి ఇప్పటికే మినహాయింపు ఉంది’ అన్న మీ వాక్యం నిలవదు.

1. కత్తిని తెరిచి, అలుగు వెన్ను మీద మెల్లగా నొక్కండి. మీట జరిపితే తప్ప మడవకపోతే అది లాక్ కత్తే.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతిపాదిత నిర్వచనంలో మీకు ఇబ్బంది కలిగించే పదాన్ని ఎత్తి చూపి, దాని బదులు ఉండాల్సిన మాటలను మీరే రాసివ్వండి. ఫ్లిక్ కత్తి (బటన్ నొక్కగానే అలుగు దానంతటదే తెరుచుకునే కత్తి) నిర్వచనంలో ‘పిడిలోని’ బటన్ అన్న పరిమితిని 2019 నాటి ఆఫెన్సివ్ వెపన్స్ చట్టం తీసివేయడంతోనే మరెన్నో కత్తులు నిషేధం కిందికి వచ్చాయి.

3. కత్తితో మీరు చేసే పనిని రెండు వాక్యాల్లో చెప్పి, గడువులోగా పంపండి.