కనబడని నూనె మీద బౌలింగ్: మా బిడ్డకో ఉత్తరం

చి. బిడ్డకు,

పెద్దబాపు ఆశీస్సులు. నీ మెసేజ్ వచ్చి వారం దాటింది. ఇక్కడ జగిత్యాలలో పసుపు ఉడకబెట్టే పని నడుస్తోంది, రాత్రి మంచమెక్కేసరికి ఫోన్ పట్టుకునే ఓపిక ఉండడం లేదు. అయినా నువ్వడిగింది మెసేజ్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా.

హాస్టల్ దగ్గరి మాల్‌లో, బంతి దొర్లించి పది పిన్‌లను పడగొట్టే బౌలింగ్ ఆటలో 170, 180 కొట్టే పిల్లవు, టోర్నమెంట్‌కు పోతే 130 దాటలేదన్నావు. చేయి పోయిందా, కొత్త బంతి కొనాలా అని అడిగావు. నీ చేతికేం కాలేదు, డబ్బులు దాచుకో. లేన్ మీద, అంటే బంతి దొర్లే బాట మీద, వేసే నూనె మారింది, అంతే. దుబాయ్‌లో బౌలింగ్ సెంటర్‌లో నా ఉద్యోగమే అది, లేన్లు శుభ్రం చేసి నూనె వేసే మిషన్ నడపడం. మీ బాపు దృష్టిలో అది ఇప్పటికీ ఫ్లోర్ తుడిచే పనే. కానీ ఆ మిషన్ నడిపినవాడికి ఆటగాళ్లు ఎక్కడ, ఎందుకు తడబడతారో బాగా తెలుస్తుంది.

బంతి వేసేటప్పుడు దాటకూడని గీత ఫౌల్ లైన్. అక్కడి నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు, అడ్డంగా 39 బోర్డులు, అంటే సన్నని పలకలు. నూనె ఈ 60 అడుగులకూ ఉండదు. 35 నుంచి 45 అడుగుల మధ్య ఎక్కడో ఆగిపోతుంది, అక్కడి నుంచి పిన్‌ల దాకా పొడి. లేన్ మొత్తానికి వేసేది 20, 30 మిల్లీలీటర్లే. నూనె ఉన్నంతసేపూ బంతి జారుతుంది. పొడి తగలగానే పట్టు దొరికి మలుపు తీసుకుంటుంది.

నూనె వేసే తీరును ప్యాటర్న్ అంటారు, మాల్‌లో వేసేది హౌస్ ప్యాటర్న్. మధ్యలో నూనె దండిగా, అంచుల్లో పలచగా ఉంటుంది, తేడా పదింతల దాకా ఉండొచ్చు. నీది కుడిచేతి వాటం. బంతి కాస్త కుడికి జారితే అక్కడి పొడి దాన్ని లోపలికి తిప్పుతుంది. లోపలికి పడితే మధ్యలోని నూనె ఎక్కువ తిరగనివ్వదు. కాకతీయ కాలువలో నీళ్లలాగా, రెండు వైపులా గట్లున్నాయి కాబట్టి బంతి పాకెట్ వైపే, అంటే ఒకటో పిన్‌కూ మూడో పిన్‌కూ మధ్య సందు వైపే నడుస్తుంది. టోర్నమెంట్ ప్యాటర్న్‌లో మధ్యకూ అంచుకూ తేడా రెండు మూడింతలే. అక్కడ గట్లు లేవు. కుడికి పోయింది కుడికే పోతుంది, లోపలికి పడింది ఒకటో పిన్‌ను నేరుగా గుద్ది స్ప్లిట్, అంటే ఎడంగా నిలిచిన పిన్‌లను, మిగులుస్తుంది. నీ 180లో కొంత నీది, కొంత మిషన్ నడిపినవాడిది. నువ్వొక్కదానివే కాదులే, మాల్‌లో ఆడే అందరిదీ ఇదే కథ.

కాబట్టి అలాంటి లేన్ మీద మొదటి బంతికే పదీ పడగొట్టే స్ట్రైక్‌ల ఆశ తగ్గించుకో. లెక్క చూడు. ప్రతి ఫ్రేమ్‌లో, అంటే ప్రతి వంతులో, మొదటి బంతికి తొమ్మిది, రెండో దానికి మిగిలిన ఒక్కటి, చివరి ఫ్రేమ్‌లో అదనపు బంతికి మళ్లీ తొమ్మిది. పదీ పడ్డ ప్రతి ఫ్రేమ్‌కూ తర్వాతి బంతి తొమ్మిదీ కలిసి 19, అలా పది ఫ్రేమ్‌లకు ఒక్క స్ట్రైక్ లేకుండా 190 వస్తుంది. అదే మిగిలిన ఆ ఒక్క పిన్‌ను ప్రతిసారీ వదిలేస్తే 90. కష్టమైన నూనె మీద నిలకడగా 190 ఆడినవాళ్ల పేర్లు పట్టికలో కింద ఉండవు. స్పేర్‌లకు, అంటే మిగిలిన పిన్‌లను రెండో బంతితో పడగొట్టడానికి, ప్లాస్టిక్ బంతి వాడు. దానికి నూనె ఉన్నా లేకపోయినా పెద్ద తేడా లేదు, దాదాపు తిన్నగా పోతుంది. వెనక వరుసలో కుడి చివరనుండే పదో పిన్ కోసం నువ్వు ఎడమవైపు నిలబడి, లేన్‌కు అడ్డంగా వెయ్యి. ఆ పిన్‌కు కూడా హుక్ బంతే, అంటే మలుపు తిరిగే బంతే, వేసే పట్టుదల కుర్రాళ్లలో చాలా చూశాను. చూడడానికి బాగుంటుంది, స్కోరుకే బాగుండదు.

ఇక నూనెను చదవడం. అది కంటికి కనబడదు, బంతిని చూసే తెలుసుకోవాలి. ఇక్కడే నీ అలవాటు మారాలి. నువ్వు పంపిన వీడియోలో బంతి వదలగానే నీ చూపు పిన్‌ల మీదికి పోతోంది. పిన్‌లు ఎలాగూ పడతాయి, పడినవి స్కోరు బోర్డు మీద కనబడతాయి. నువ్వు చూడాల్సింది బంతి ఎక్కడ జారడం ఆపింది, ఏ బోర్డు దగ్గర తిరిగింది అని. అది పట్టుకోవడానికి ప్రాక్టీస్ బంతులున్నాయి. మొదట లేన్ మీద గుర్తుగా ఉండే ఒకటో బాణానికీ రెండో దానికీ మధ్య నుంచి, తర్వాత రెండో బాణం మీదుగా, ఆ తర్వాత మూడో బాణం మీదుగా వెయ్యి. బాణాలు కుడి నుంచి ఐదేసి బోర్డులకొకటి ఉంటాయి కదా, అంటే రెండోది పదో బోర్డు, మూడోది పదిహేనోది. వేగం మాత్రం మార్చకు, మారిస్తే మలుపులో తేడా నూనెదో నీదో తేలదు. స్ట్రైక్ పడిందా లేదా అని ఆ బంతులప్పుడు అసలు లెక్కపెట్టకు. తిరిగొచ్చిన బంతి మీద నూనె చారలు ఉంటాయి, చేత్తో తడిమి చూసి, పొడి గుడ్డతో తుడిచాకే మళ్లీ వెయ్యి.

ప్యాటర్న్ పొడవు ముందే చెబితే ఒక లెక్క ఉంది. పొడవులోంచి 31 తీసేస్తే, బంతి నూనె దాటేటప్పుడు కుడి నుంచి దాదాపు ఎన్నో బోర్డు దగ్గర ఉండాలో వస్తుంది. 40 అడుగులైతే తొమ్మిదో బోర్డు. 35 అయితే నాలుగోది, అంటే లేన్ పక్క గాడి, అదే గట్టర్, దాదాపు దాని అంచున ఆడాలి. నూనె పొట్టిగా ఉంటే పొడి ఎక్కువ దూరం, బంతికి తిరగడానికి బోలెడు జాగా. అందుకే బయటి నుంచి తిన్నగా, తక్కువ తిరిగే బంతితో వెయ్యి. 45 అయితే పద్నాలుగోది. పొడుగు నూనెలో కుడికి విసిరావంటే తిరిగి రావడానికి సమయం చాలదు, లోపలే ఉండి కోణం తగ్గించు, గరుకు బంతి తీసుకో. ఈ లెక్క మొదలుపెట్టడానికే. నాలుగైదు బంతులయ్యాక కూడా కాగితం పట్టుకుని బంతితో వాదించకు. చీతా, షార్క్ అని ప్యాటర్న్‌లకు జంతువుల పేర్లుంటాయి, పేరు విని కంగారు పడకు. చీతా పొట్టిది, షార్క్ పొడుగుది, నీకు ప్రస్తుతానికి అంత తెలిస్తే చాలు.

ఆట మొదలయ్యాక నూనె ఉన్నచోట ఉండదు. ఇప్పటి రియాక్టివ్ బంతులు నూనె పీల్చుకుంటాయి, ఎక్కువమంది కుడిచేతి వాళ్లే కాబట్టి ఆ దారి త్వరగా ఎండుతుంది. మొదటి గేమ్‌లో పాకెట్‌లో పడ్డ బంతే రెండో గేమ్‌లో ముందుగా తిరిగి ఒకటో పిన్ ఎడమకు పోతుంది. నాలుగో పిన్ ఒక్కటే మిగలడం మొదలైతే అది హెచ్చరిక అనుకో. స్ప్లిట్ పడేదాకా ఆగకుండా పాదాలు రెండు బోర్డులు, చూపు ఒక బోర్డు ఎడమకు జరుపు. బంతి పాకెట్‌కు అందక రెండు, నాలుగు, ఐదు పిన్‌ల గుంపు మిగిలితే అంతే లెక్కన కుడికి. పాకెట్ బాగానే తగిలినా, ఆరో పిన్ నీరసంగా గట్టర్‌లో వాలి పదోది నిలబడితే, చాలాసార్లు బంతి ముందే తిరిగి దమ్ము పోగొట్టుకుందన్నమాట. ఎడమకు జరిగి ఇంకాస్త నూనెలోంచి వెయ్యి, లేదా నునుపు బంతి తీసుకో.

ఒక షరతు. సరిగ్గా వేసిన బంతి చెప్పిందే నమ్ము. బాణం దగ్గర రెండు బోర్డులు తప్పి వేసి, లేన్ మారిందని జరిగావంటే తర్వాతి మూడు ఫ్రేమ్‌లు వెతుక్కుంటూనే ఉంటావు. నీ వీడియోలో ఐదో ఫ్రేమ్ నుంచి జరిగింది అదే. పైగా మార్చి మార్చి ఆడే జతలో రెండు లేన్లూ ఒకేలా ఉండవు. ఎడమ లేన్‌కు వేరుగా, కుడి లేన్‌కు వేరుగా ఎక్కడ నిలబడ్డావో చిన్న పుస్తకంలో రాసుకో.

టెన్షన్‌లో నువ్వు చేయి బిగించి గట్టిగా విసురుతున్నావు. వేగం కావాలంటే మొదట్లో బంతిని ఇంకాస్త ఎత్తులో పట్టుకో, ఊపు దానంతట అదే వస్తుంది. మణికట్టుతో బలవంతంగా తిప్పావంటే గట్లు లేని లేన్ మీద ఆ బంతి ఎటు పోతుందో నువ్వూ చెప్పలేవు.

బంతి ఉపరితలం సంగతి ముందు రోజే చూసుకో. 500 నంబరు రుద్దుడు ప్యాడ్‌తో రుద్దితే గరుకై ముందుగా పట్టుకుంటుంది, 4000తో రుద్దితే నునుపై దూరం జారుతుంది. ఆట మధ్యలో రుద్దడం నిబంధనలకు విరుద్ధం, తుడవడానికీ పొడి గుడ్డే. ఉన్న రెండు హుక్ బంతుల్లో ఒకటి 1000 దగ్గర, ఇంకొకటి 4000 దగ్గర పెట్టుకుంటే చాలావరకు సరిపోతుంది.

వచ్చే టోర్నమెంట్‌లో ప్యాటర్న్ షీట్ ఇస్తే ఫొటో తీసి రాత్రికే పంపు, పసుపు పని ఉన్నా చూస్తాను. నీ ప్లాస్టిక్ బంతిలో బొటనవేలు రంధ్రం వదులుగా ఉందని పోయినసారి అన్నావు. షాపులో చూపించి లోపల టేప్ వేయించుకో. వదులుగా ఉంటే పట్టు కోసం వేళ్లు బిగిస్తావు, పదో పిన్ తప్పడానికి అదొక్కటి చాలు.

ఇట్లు,
మీ పెద్దబాపు