మిగతా ఆరు రోజుల నమ్మకత్వం: మా కాటా దగ్గర చూసింది

"ఆదివారం ఆరాధన మానను, దశమభాగం ఇస్తాను. కానీ ఆఫీసులో, ఇంట్లో నమ్మకంగా ఉండడం అంటే ఏం చేయాలి?" అని మీరు అడిగారు. నాకు తెలిసి అది ఎదుటివాళ్లు మనల్ని పట్టుకోలేని చోటే తేలుతుంది.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసినా మా వీధిలో, మా సంఘంలో ఇప్పటికీ తెలుగే. మా ఆయనకి చింతపండు కొనే కొట్టు ఉంది. ఎండలు ముదిరేసరికి గజపతి కొండల మీంచి సవర వాళ్లు చింతపండు, కొండచీపుర్లు దించుతారు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ కాలం నుంచీ వాళ్లలో చాలామంది మాలాగే బాప్టిస్టులు. కాటా మీద అంకె చదవలేని ముసలివాళ్లూ వస్తారు. ఈ వ్యాపారంలో మోసానికి దొంగ రాళ్లు అక్కర్లేదు. గోనెసంచికని ఒకసారి, తేమకని ఒకసారి, పెంకుకని ఇంకోసారి తరుగు తీస్తే చాలు. ప్రతి తరుగుకీ ఏదో కారణం ఉంటుంది కాబట్టి ఎవరూ మోసం అనలేరు కూడా.

మా ఆయన ఖాళీ సంచిని ముందు కాటా మీద పెట్టి, సున్నా చేసి, అప్పుడు సరుకు పోయిస్తారు. అంకెలు అమ్మేవాళ్ల వైపు తిప్పుతారు. వాళ్లకి చదువు రాకపోతే వెంట వచ్చిన పిల్లాడి చేత పైకి చదివిస్తారు. సరుకు తడిగా ఉంటే రేటు తగ్గిస్తానని ముందే చెబుతారు గానీ తూకం జోలికి పోరు. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని బైబిల్లో సామెతల గ్రంథంలో ఉన్నది పాటించడమంటే మా ఇంట్లో ఇంతే.

ఒక ఏడాది, సరుకు దిగకముందే, మా ఆయన ఒక రేటు మాట ఇచ్చారు. సరుకు దిగేసరికి మార్కెట్ పడిపోయింది. "కాగితం ఏమైనా రాసిచ్చావా బావా?" అన్నాడు పక్క కొట్టాయన. రాయలేదు. అయినా ఆ రేటే ఇచ్చారు. నాకు ఒళ్లు మండింది, దాచడం ఎందుకు! నష్టం కలిగినా మాట తప్పనివాడి గురించి 15వ కీర్తన చదవడం వేరు, ఆ నష్టం పిల్లల ఫీజుల నెలలో రావడం వేరు. దీవెనగా వ్యాపారం పెరిగిందని సాక్ష్యం చెప్పమని కొందరు అడుగుతారు. పెరగలేదండీ. పక్క కొట్టు మాకంటే పెద్దది.

ఇంకో సంగతి. నమ్మకస్థుణ్ణి లెక్క అడగకూడదని వాదించేవాళ్లున్నారు. యోవాషు రాజు కాలంలో మందిరం బాగుచేయించినవాళ్లని నమ్మకస్థులని లెక్క అడగలేదని 2 రాజులు 12లో ఉన్న మాట నిజమే. కానీ అదే అధ్యాయంలో, కానుక పెట్టెలో డబ్బు చేరాక రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ వచ్చి లెక్కపెట్టారు. పౌలు కూడా చందా డబ్బు విషయంలో ఎవరూ తప్పు పట్టకూడదని తన తోటి పనివాడు తీతుకి తోడుగా సంఘాలు ఎంచిన సహోదరుణ్ణి పంపించాడు. లెక్క అడగకపోవడం అవతలివాళ్ల మంచితనం. అడిగితే చిరాకు పడ్డామంటే మాత్రం మనలోనే ఏదో ఉన్నట్టు.

మీరు ఆఫీసు అన్నారు కాబట్టి ముందు ట్రావెల్ బిల్లు చూసుకోండి. సగం పనిలో ఉండి "అయిపోయింది సార్" అనడం, మంచం మీంచి లేవకుండానే "దారిలో ఉన్నా" అని ఫోన్‌లో చెప్పడం కూడా ఈ తరుగు లాంటివే. దశమభాగం మాత్రం మానకండి, అది వేరే లెక్క.