నాంటహేలాకి బయల్దేరే ముందు, మేనల్లుడికి

చిరంజీవి అబ్బాయికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో మీ ప్లాను చెప్పావు. ఐదుగురు స్నేహితులు, రెండు కార్లు, సెకండ్‌హ్యాండులో కొన్న ఐదు కయాక్‌లు, అంటే ఒక్కడు కూర్చుని తెడ్డేసుకునే చిన్న పడవలు. శనివారం నార్త్ కరోలినాలో నాంటహేలా నది, ఆదివారం టెనెసీలో ఓకోయీ నది. నేనప్పుడు ఆఫీసులో ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను గానీ, రాత్రి పడుకున్నాక ఆ రెండో పేరే చెవిలో మోగింది. అందుకే ఇలా కూర్చుని రాస్తున్నాను. అసలు మాట ముందే చెప్పేస్తాను: రెండు రోజులూ నాంటహేలాలోనే దిగండి. ఓకోయీని ఈసారికి ఒడ్డునుంచి చూసి రండి.

ఎందుకంటావా? నదుల ఉధృతిని 1 నుంచి 6 దాకా క్లాసులుగా లెక్కేస్తారని నీకు తెలుసు. నాంటహేలా ఎనిమిది మైళ్ళలో చాలా మటుకు క్లాస్ 2. చివర్లో వచ్చే నాంటహేలా ఫాల్స్ ఒక్కటే నిఖార్సైన క్లాస్ 3. మధ్యలో పడినా, ఊపిరి పీల్చుకుని పడవని ఒడ్డుకి లాక్కునే జాగా ఉంటుంది. మిడిల్ ఓకోయీ, అంటే ఓకోయీ నది మధ్యభాగం, క్లాస్ 3, 4. అక్కడ పడవ నీళ్ళలో పెట్టగానే మొదటి ర్యాపిడ్, అదే బండల మధ్య నీళ్ళు ఉరికే చోటు, మొదలైపోతుంది. మీరు రోల్, అంటే తలకిందులైన పడవని అందులో కూర్చునే మళ్ళీ నిటారుగా తిప్పుకోవడం, నేర్చుకున్నది స్విమ్మింగ్ పూల్‌లో. పూల్‌లో పదికి పదిసార్లు లేచినవాడు నదిలో మొదటిసారి తలకిందులైతే మూడుసార్లు లేస్తే గొప్ప.

చూడ్డానికి మాత్రం ఓకోయీకి తప్పకుండా వెళ్ళండి. హైవే 64 నది పక్కనే పోతుంది, కారాపి చూడొచ్చు. టీవీఏ (టెనెసీ వ్యాలీ అథారిటీ అనే ప్రభుత్వ కరెంటు సంస్థ) వాళ్ళు ఆ నీళ్ళని కొండ అంచున కట్టిన చెక్క కాలవలోకి మళ్ళించి కరెంటు తీస్తారు. నీళ్ళు వదలని రోజున నదిలో బండలు తప్ప ఏమీ కనపడవు. 1976లో ఆ కాలవ పాడైపోయి మూసేస్తే నీళ్ళన్నీ మళ్ళీ నదిలోకొచ్చాయి. అప్పుడే జనం పడవలేసుకుని రావడం మొదలెట్టారు. 1984లో కాలవ మళ్ళీ పనిలోకొచ్చినా, పడవలవాళ్ళు పట్టుబట్టి తమకంటూ కొన్ని రోజులు నీళ్ళు వదిలించుకున్నారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో పడవల స్లాలమ్ పోటీలు (వేలాడే గేట్ల మధ్యనుంచి పడవ నడిపే పందేలు) జరిగింది దీని పైభాగంలోనే. ఎవరైనా దిగుతుంటే ఒక గంట నిలబడి చూడు. ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ తెడ్డు వేస్తున్నారు, పడినవాణ్ణి ఎవరు అందుకుంటున్నారు, అన్నీ గమనించు.

ఇప్పుడు ఈత సంగతి. "మనం గోదావరోళ్ళం మావయ్యా, నీళ్ళంటే భయమేంటి" అన్నావు. ఆ ధీమా నాకూ ఉండేది. కాలవలో ఈదినవాడికి నీళ్ళు నమ్మకస్తుడిలా మోస్తాయని అలవాటు. తెల్లగా నురగ కక్కే నీళ్ళలో సగం గాలే ఉంటుంది. చెయ్యి వేస్తే పట్టు దొరకదు, ఒళ్ళు తేలదు. అందుకే లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని స్నేహితుడి చేత పైకి లాగించుకో. చెవుల దాకా వచ్చేస్తే అది వదులుగా ఉన్నట్టే.

నాకు జరిగింది మీ అమ్మకి కూడా చెప్పలేదు, నీకు చెప్తున్నాను. నాంటహేలాలోనే, నా రెండో ఏడు. పడవలోంచి బయటపడ్డాను. నీళ్ళు మోకాలి లోతే. సిగ్గేసి లేచి నిలబడబోయాను. కుడి పాదం రెండు రాళ్ళ మధ్యకి జారి ఇరుక్కుంది. వెనకనుంచి నీళ్ళు నడుం మీద తోస్తూనే ఉన్నాయి. ముందుకి వంగిపోతున్నాను, కాలు రావట్లేదు, గడ్డం నీళ్ళకి తగులుతోంది. మోకాలి లోతులో మనిషి ఎలా పోతాడో నాకా రోజు అర్థమైంది. ముక్కూ మొహం తెలియని ఒకాయన పడవ వదిలేసి వచ్చి, చంకల కింద చేతులేసి పైకెత్తి పట్టుకుంటే కాలు వెనక్కి జారి వచ్చింది. చెప్పు అక్కడే ఉండిపోయింది.

అందుకని పడితే లేవద్దు. వెల్లకిలా పడుకో. పాదాలు పైకి తేలాలి, కాలివేళ్ళు నీకు కనపడాలి, నది పోయే వైపే కాళ్ళుండాలి. వీపు నేలకి రాసుకునేంత లోతు తగ్గాకే లేవడం. దీనికి ఒక్కటే మినహాయింపు: ఎదురుగా నీళ్ళలో పడిపోయిన చెట్టుంటే. కొమ్మలు జల్లెడలా నీళ్ళని వదిలి మనిషిని పట్టేస్తాయి. దాన్ని తప్పించుకునే వీల్లేదనుకున్నప్పుడు బోర్లా తిరిగి, తల ముందుకి పెట్టి, చెట్టు వైపే గట్టిగా ఈది, దాని మీదకి ఎక్కెయ్యాలి.

పడవలో ఉండగా బండకి అడ్డంగా కొట్టుకుంటే ఒళ్ళు దానికి దూరంగా వాలమంటుంది. వాలావో, ఎగువ నీళ్ళు పడవ అంచు పట్టి తిరగేస్తాయి. బండనే కావలించుకో. ఇది చదివితే రాదు, శనివారం చిన్న బండల దగ్గర కావాలని చేసి చూడు.

ఎడ్డీ అంటే బండ వెనక నీళ్ళు సుడి తిరిగి నెమ్మదించే చోటు, అక్కడ పడవ ఆపుకోవచ్చు. అదేంటో మీవాళ్ళకి నీ మాటల్లో చెప్పు. మన ఊరి కాలవ వంతెన స్తంభం వెనక గుర్రపుడెక్క తిరుగుతూ నిలిచిపోయేది, గుర్తుందా? అదే ఎడ్డీ. ఒక ఎడ్డీ నుంచి ఇంకో ఎడ్డీకి, కనుచూపు మేరలోనే దూకుతూ వెళ్ళండి. ముందు వెళ్ళేవాడెవరో, అందరికన్నా వెనక వచ్చేవాడెవరో ఒడ్డునే తేల్చుకోండి. ప్రతి ర్యాపిడ్ దాటాక తలలు లెక్కపెట్టండి. తెడ్డు నిలువుగా ఎత్తితే రమ్మని, అడ్డంగా ఎత్తితే ఆగమని. చేత్తో చూపిస్తే వెళ్ళాల్సిన వైపే చూపించాలి, ప్రమాదం ఉన్న వైపు ఎప్పుడూ చూపించకూడదు. ఈల మూడుసార్లు ఊదితే ఆపదని.

నీళ్ళలో పడ్డవాడికి విసిరే తాడు సంచి ఒక్కటి సరిపోదురా, తలా ఒకటి ఉండాలి. గురువారం సాయంత్రం అపార్ట్‌మెంట్ పచ్చికలో ఒకణ్ణి నిలబెట్టి ఇరవైసార్లు విసరండి. తాడు అందుకున్నవాడు దాన్ని చేతికి చుట్టుకోకూడదు, ఒంటికి కట్టుకోకూడదు. గుండెల మీద పట్టుకుని భుజం మీంచి వదలాలి.

ఇంకో నియమం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. మీ ఐదుగురిలో ఎవరైనా ఏ ర్యాపిడ్ దగ్గరైనా "నేను దిగను" అంటే, ఎందుకని అడగొద్దు. "ఏం కాదురా, మేమున్నాం" అని కూడా అనొద్దు. పడవ భుజానేసుకుని గట్టు మీద నడిచొస్తాడు, అంతే. నాంటహేలా ఫాల్స్ ముందు ఆగి, దిగి, నడిచి చూడండి. అలా చూశాక నడిచి వచ్చేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను, వాళ్ళంతా మర్నాడు కూడా నదికొచ్చారు. ఫాల్స్ దాటగానే బయటికొచ్చేయండి. దిగువన వెస్సర్ ఫాల్స్ ఉంది, అది మీలాంటివాళ్ళకి కాదు.

కార్లు. ఒకటి కింద, నదిలోంచి బయటికొచ్చే చోట పెట్టి, రెండోదానిలో అందరూ పైకి వెళ్ళాలి. కింది కారు తాళం పైన కారులో మర్చిపోతే తడి బట్టలతో ఎనిమిది మైళ్ళు. తాళం లైఫ్ జాకెట్ జిప్ జేబులో వేసుకున్నాక ఇంకొకడు తడిమి చూడాలి. పడవలకి పట్టీలు వేశాక ముందూ వెనకా కూడా తాళ్ళు కట్టండి. దారిలో బ్లూ రిడ్జ్ ఊరు దాటాక ఒకసారి ఆగి బిగింపు చూసుకోండి. పైన చెరువు నుంచి నీళ్ళు ఎన్నింటికి వదులుతారో శుక్రవారం రాత్రే చూసుకోండి.

ఇక చలి. జులై ఎండని చూసి మోసపోవద్దు. ఆ నీళ్ళు పైన చెరువు లోతుల్లోంచి గొట్టాల్లో వస్తాయి, పది డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఉంటాయి. చెరొకీ భాషలో నాంటహేలా అంటే నడిమధ్యాహ్నపు సూర్యుడి నేల అట. లోయ అంత ఇరుకు, ఎండ పడేది ఆ కాసేపే. నూలు టీషర్టులు కారులోనే వదిలేసి వెట్‌సూట్లు వేసుకోండి. ఒకడి మాట ముద్దగా వస్తున్నా, వేళ్ళు తెడ్డుని పట్టలేకపోతున్నా ఆ రోజుకి ఆట ఆపెయ్యండి. మీ అత్తయ్య పెద్ద ఫ్లాస్కులో మిరియాల చారు కాచి ఇస్తానంది. దాన్ని కింది కారులో పెట్టండి. బీర్లు పడవలు కట్టేశాకే.

మీ అమ్మకి ఈ సంగతి నువ్వే చెప్పి వెళ్ళు. నా ద్వారా తెలిస్తే బాధపడుతుంది.

ఆ లోయలో సిగ్నల్ సరిగ్గా ఉండదు. తిరుగు దారిలో ఆండ్రూస్ ఊరు దాటి సిగ్నల్ రాగానే ఫోను చెయ్యి. ఎంత రాత్రయినా పర్లేదు, మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య