రంగస్థలంపై పరివర్తన

ప్రశ్న: వెల్ష్ భాషలో ఒక ట్రాన్స్ యువకుడి (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా జీవించే వ్యక్తి) పరివర్తనపై నాటకం ప్రదర్శించారని చదివాను. మా బృందం అటువంటి ఇతివృత్తాన్ని తెలుగులో ప్రదర్శించాలనుకుంటోంది. ఏ విషయంలో జాగ్రత్త వహించాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: 2021 జనగణన ప్రకారం వేల్స్‌లో సుమారు 5.38 లక్షల మంది మాట్లాడే భాషలో సాధ్యమైనది తెలుగులో ఎందుకు కాదు? అసలు చిక్కు కాలంతోనే వస్తుంది. టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) చికిత్స మొదలుపెట్టాక గొంతు కొన్ని నెలల వ్యవధిలో క్రమంగా లోతుగా మారుతుంది, గడ్డం నిండడానికి ఏళ్లు పట్టవచ్చు. కనుక ఒక్క శస్త్రచికిత్సతో అంతా మారిపోయినట్లు చూపితే (మన సినిమాలకు అలవాటైన తొందర ఇది) అది అబద్ధమవుతుంది. చికిత్స తీసుకోని ట్రాన్స్ పురుషులూ ఉంటారు. శస్త్రచికిత్స షరతు లేకుండా తమ జెండర్‌ను తామే నిర్ణయించుకునే స్వీయ గుర్తింపు హక్కును సుప్రీంకోర్టు 2014లోనే గుర్తించింది. ప్రధాన పాత్రకు ట్రాన్స్ నటుడినే వెతకండి. దొరకకపోతే కనీసం రాతప్రతిని ట్రాన్స్ పురుషులతో చదివించి, వారు వద్దన్న సన్నివేశాన్ని మొహమాటం లేకుండా తీసివేయండి.