రాజీనామా సరే... ఒకటో తారీఖు సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 29. ఆరేళ్లుగా కాల్ సెంటర్‌లో చేస్తున్నాను, ఎక్కువగా నైట్ షిఫ్టులే. ఈమధ్య హెడ్‌సెట్ పెట్టుకుంటే చాలు, గుండె దడ మొదలవుతోంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం నాకు ఇష్టం. ఎనిమిది నెలలుగా సెలవు రోజుల్లో ఆ పని చేస్తున్నాను. వచ్చే నెల ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి రావాలనుంది. జీతం ఎంతో చెప్పడం ఇష్టం లేదు కాబట్టి నెల జీతం 100 అనుకుని మిగతావి రాస్తున్నాను. ఇంటి ఖర్చు, అమ్మ మందులు కలిపి 58. పర్సనల్ లోన్ ఈఎంఐ 17, ఇంకా 11 ఈఎంఐలు కట్టాలి. క్రెడిట్ కార్డు బాకీ 90, దానికి నెలకి 10 కడుతున్నాను. మిగిలిన 15 దాస్తున్నాను. ఇప్పటిదాకా దాచింది 260. బొమ్మల మీద ఎనిమిది నెలల్లో 208 వచ్చింది, అంటే నెలకి 26. నాలుగున్నర నెలల ఖర్చు చేతిలో ఉంది కదా, ధైర్యం చేయొచ్చా? నెలవారీ లెక్క కింద ఇస్తున్నాను.

జవాబు: వచ్చే నెల మాత్రం వద్దు. అసలు మానొద్దని నేననను. మీ లెక్కల ప్రకారం ఏడు నెలల నుంచి పదకొండు నెలల మధ్య ఎప్పుడో ఆ రోజు వస్తుంది. ఎలాగో చెప్తాను.

జీతాన్ని 100 అనుకుని రాయడం బాగుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఇలా రాసుకొస్తే సగం పని తగ్గుతుంది. అంకె పెద్దదా చిన్నదా అన్న మొహమాటం పోయి, వాటాలు కళ్లకు కడతాయి.

ముందు ఆ నాలుగున్నర నెలల మాట. 260ని 58తో భాగించి చెప్పారు. కానీ ఉద్యోగం మానిన మర్నాడు మీ ఖర్చు 58 ఉండదు. లోన్ ఈఎంఐ 17 ఎటూ పోదు. ఇప్పుడు కంపెనీ పుణ్యాన నడుస్తున్న ఆరోగ్య బీమా రేపటి నుంచి మీరే కొనుక్కోవాలి. బొమ్మలకు కావలసిన పరికరాలు, ఇంటర్నెట్, రిపేర్లు ఉంటాయి. ఈ రెండింటికీ చెరో 5 వేసుకుంటే మొత్తం 85. ఇక కార్డు బాకీ. దాచుకున్న డబ్బు మీద వచ్చే వడ్డీ కన్నా కార్డుకి కట్టే వడ్డీ ఎన్నో రెట్లు ఎక్కువ. ఒక చేత్తో దాస్తూ ఇంకో చేత్తో కార్డు బాకీ మోయడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. కాబట్టి ఈ వారంలోనే 260లోంచి 90 తీసి కార్డు పూర్తిగా కట్టేయండి. మిగిలేది 170. దాన్ని 85తో భాగించండి. మీ చేతిలో ఉన్నది సరిగ్గా రెండు నెలల బలం.

ఇంతకన్నా నన్ను కంగారు పెట్టింది మీరు కింద ఇచ్చిన నెలవారీ లెక్క. వరసగా 0, 62, 0, 0, 18, 71, 12, 45. కూడితే 208, సగటు 26, లెక్కలో తప్పేమీ లేదు. కానీ మీ జీవితంలో 26 వచ్చిన నెల ఒక్కటి కూడా లేదు. మూడు నెలలు సున్నా. ఆ ఎనిమిది నెలలూ మీకు జీతం లేదనుకుని నేను ఆ అంకెలతోనే లెక్క వేసి చూశాను. 170తో మొదలుపెడితే మొదటి నెల చివరికి 85 ఉంటుంది. రెండో నెల 62 వచ్చినా 85 ఖర్చయి, 62కి దిగుతుంది. మూడో నెల చివరికి 23 తక్కువ పడుతుంది. అంటే మూడో నెల ఈఎంఐ కట్టడానికే అప్పు వెతుక్కోవాలి. పోయి పోయి మళ్లీ ఆ కార్డే గీకుతారు.

సగటు ఎందుకు పనికిరాదో నిజానికి మీ ఆఫీసులోనే తెలుస్తుంది. షిఫ్టులు వేసే టీమ్ వాళ్లను అడగండి, గంటకు సగటున వచ్చే కాల్స్ చూసి సరిగ్గా అంతకే మనుషుల్ని పెడితే క్యూ పెరిగిపోతూనే ఉంటుందంటారు. ఎందుకంటే కాల్స్ లైన్‌లో నిలబడి ఒక్కొక్కటిగా రావు, గుంపులుగా వచ్చి పడతాయి. ఏ.కె. ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త టెలిఫోన్ కాల్స్ రాక మీద 1909లో మొదటి వ్యాసం రాశారు. 80 శాతం కాల్స్ 20 సెకన్లలో ఎత్తాలంటే ఎంతమంది కావాలో తేల్చడానికి ఈనాటికీ ఆయన సూత్రమే వాడుతున్నారు. ఫ్రీలాన్స్ డబ్బు, అంటే నెల జీతం లేకుండా పనికింత అని వచ్చే డబ్బు, కూడా ఆ కాల్స్ లాంటిదే. ఇన్నాళ్లూ ఆ ఎగుడుదిగుడు కంపెనీ భరించి మీకు ఒకటో తారీఖున ఒకే అంకె వేసింది. మానేశాక ఆ భారం మీది. జీతం పోవడం కన్నా తారీఖు పోవడమే ఎక్కువ దెబ్బ కొడుతుందని నా అనుభవం.

అనుభవం అంటే గుర్తొచ్చింది. నేను ఉద్యోగం మాని సొంతంగా మొదలుపెట్టిన ఏడాది, ఒక క్లయింటు బిల్లు నాలుగు నెలలు తిప్పారు. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఒకటే మాట, "అకౌంట్స్‌లో ఉంది సార్". ఆ అకౌంట్స్ ఎక్కడుందో చివరిదాకా తెలియలేదు. డబ్బు మాత్రం వచ్చింది, ఈలోగా నేను ఇద్దరి దగ్గర చేబదులు తీసుకున్నాను. పని లేక కాదు, డబ్బు రాక కాదు, రావలసిన తేదీకి రాక.

"పూర్తి సమయం పెడితే ఇంతకన్నా ఎక్కువ వస్తుంది కదా" అంటారు. వస్తుంది, కానీ వెంటనే రాదు. మీ దగ్గర ఖాళీ సమయం ఉందని పబ్లిషర్లు పుస్తకాలు వేయరు. ఇవాళ పని మొదలైందనుకుందాం. నెల రోజులకు బొమ్మలు ఇస్తారు, బిల్లు పెడతారు, వాళ్ల గడువు 30 రోజులు, ఆ పైన ఒక పదిహేను రోజులు ఆలస్యం. డెబ్బై అయిదో రోజుకి గానీ డబ్బు రాదు. అప్పటికి మీ రెండు నెలల బలం అయిపోయి పక్షం రోజులవుతుంది.

ఇక ధర సంగతి. మీకు 62 వచ్చిన ఆ 32 పేజీల పుస్తకానికి 110 గంటలు పట్టిందని, అందులో 30 గంటలు మార్పులకే పోయాయని రాశారు. గంటకు 0.56 పడింది. మీ ఉద్యోగంలో వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు, జీతం 1,200. గంటకు 0.58. చూశారా, ఇష్టమైన పని అని మీరు కాల్ సెంటర్ రేటుకే, కాస్త తక్కువకే చేస్తున్నారు. ఫ్రీలాన్స్‌లో 2,080 గంటలకూ బిల్లు వేయలేం. సెలవులు, జ్వరాలు తీసేస్తే 46 వారాలు. క్లయింట్లను వెతకడం, మెయిల్స్, కొటేషన్లు, బాకీల కోసం తిరగడం పోగా వారానికి 20 గంటలు నిజంగా డబ్బు తెచ్చే పని చేస్తే గొప్ప. అంటే 920 గంటలు. జీతం 1,200కి బీమా, పరికరాల ఖర్చు 120 కలిపి ఆ 920తో భాగిస్తే గంటకు 1.43. ఇప్పుడు తీసుకుంటున్న దానికి రెండున్నర రెట్లు.

ఆ లెక్కన అదే పుస్తకానికి 157 అడగాలి. ఒక్కసారిగా ఎవరూ ఇవ్వరని నాకూ తెలుసు. అందుకే గంటల వైపు నుంచి రండి. ఆ 30 గంటల మార్పులు ఉచితంగా చేయడం మీ తప్పే, ఏమీ అనుకోకండి. పెన్సిల్ స్కెచ్ దశలో రెండుసార్లు మార్పులు ఉచితం, రంగులు వేశాక ఏం మార్చమన్నా అదనం అని ముందే రాసుకుంటే అదే పుస్తకం 80 గంటల్లో తేలుతుంది, 114 అడిగితే సరిపోతుంది. ఇవన్నీ మెయిల్‌లో ఉండాలి, ఫోన్‌లో అనుకుంటే లెక్కలోకి రావు. డబ్బు మూడు భాగాలు చేయండి: ఒప్పుకున్నప్పుడు ఒకటి, స్కెచ్‌లు ఓకే అయ్యాక ఒకటి, ప్రింటుకి పనికొచ్చే పెద్ద ఫైళ్లు చేతికి ఇచ్చే ముందు ఒకటి. మధ్యలో పుస్తకం ఆపేస్తే అప్పటిదాకా చేసిన పనికి ఎంత ఇవ్వాలో కూడా అందులోనే రాయించండి. ఇంకో మాట, బొమ్మ మీద హక్కులు. ఒక పుస్తకం ఒక భాషలో ముద్రించుకోవడానికి ఇచ్చే అనుమతి వేరు, సర్వహక్కులూ రాసివ్వడం వేరు. రెండోదానికి ధర చాలా ఎక్కువ ఉండాలి. రేపు అదే కుందేలు బొమ్మ స్కూలు బ్యాగుల మీదకి ఎక్కితే మీకు దమ్మిడీ రాదు మరి. ఫైవర్ లాంటి ఫ్రీలాన్స్ వెబ్‌సైట్లలో ఆర్డర్లు తీసుకుంటే వాళ్ల వాటా 20 శాతం పోతుందని ధర చెప్పేటప్పుడే కలుపుకోండి.

సాఫ్ట్‌వేర్‌కి ఇప్పుడే డబ్బు పోయకండి. నెలనెలా చందా కట్టేవాటి కన్నా ముందు క్రీటా చూడండి, ఉచితం. ప్రోక్రియేట్ అయితే ఒక్కసారి కొంటే సరిపోతుంది, ఐప్యాడ్ ఉంటేనే లెండి.

సరే, ఏడు నెలల లెక్క. కార్డు తీరిపోతే జీతంలో నెలకి 25 మిగులుతుంది. బొమ్మల మీద వచ్చే 26లో పన్ను కోసం ఐదో వంతు పక్కన పెట్టేయండి. జీతంలోంచి కంపెనీయే కోసి కట్టేది కాబట్టి మనకు పన్ను గుర్తుండదు, ఫ్రీలాన్సర్లు మొదటి ఏడాది ఎక్కువగా మునిగేది ఇక్కడే. మిగతా దాంట్లో 20 దాచండి. మొత్తం నెలకి 45. ఏడు నెలల తర్వాత 170 కాస్తా 485 అవుతుంది. అప్పటికి నాలుగు ఈఎంఐలు మిగులుతాయి, 68. అవి ఒకేసారి కట్టేయండి, ముందే తీరిస్తే ఛార్జీ ఏమన్నా ఉందేమో ఇప్పుడే కనుక్కోండి. చేతిలో 417. లోన్ లేదు కాబట్టి నెల ఖర్చు 85 నుంచి 68కి దిగుతుంది. ఆ 417 ఆరు నెలలకు సరిపోతుంది. ఒకవేళ బొమ్మల మీద చిల్లిగవ్వ రాకపోయినా, జీతంలో మిగిలే 25తోనే పదకొండో నెలకి లోన్ తీరి 445 ఉంటుంది. అందుకే ఏడు నుంచి పదకొండు అన్నాను.

డబ్బుతో పాటు ఇంకో షరతు ఉంది. 208లో 166 ఒకే క్లయింటు దగ్గర్నుంచి వచ్చింది. అది ఫ్రీలాన్స్ కాదు, బీమా లేని ఉద్యోగం. కనీసం ముగ్గురు ఉండాలి, ఎవరి వాటా సగం దాటకూడదు. వరసగా ఆరు నెలల రాబడి, పన్ను తీసేశాక, సగటున 34 దాటాలి. 34 ఎందుకంటే అది 68లో సగం. సగం ఖర్చు పని మోస్తుంటే ఆరు నెలల నిధి ఏడాది వస్తుంది. ఇందాక సగటుని తిట్టి మళ్లీ సగటే అడుగుతున్నానని నవ్వకండి, ఆ హెచ్చుతగ్గులు మింగడానికే వెనకాల 417 ఉంచమన్నది.

ఈ ఏడు నెలలు అదే హెడ్‌సెట్‌తో ఎలా గడపాలి అని మీరు అడుగుతారు, అడగాలి కూడా. గుండె దడ అన్న మాట నేను తేలిగ్గా తీసుకోలేదు. ముందు డాక్టర్‌కి చూపించుకోండి, ఆ ఖర్చు ఏ లెక్కలోనూ కోయకండి, కంపెనీ బీమా ఉండగానే చేయించుకోండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నవుట్‌ని, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడాన్ని, తన వ్యాధుల వర్గీకరణ జాబితాలో చేర్చినప్పుడు దాన్ని జబ్బు అనలేదు, ఉద్యోగంతో ముడిపడిన పరిస్థితి అంది. మారాల్సింది ఆ పరిస్థితి. కానీ ఈ ఉద్యోగం మానడం, ఫ్రీలాన్స్ మొదలుపెట్టడం రెండు వేర్వేరు నిర్ణయాలు. మీరు రెండిటినీ ఒకే ఉత్తరంలో రాసి ఒకే తాడుతో కట్టేశారు. పగటి షిఫ్టు అడగండి. చాట్, ఈమెయిల్ ప్రాసెస్‌కి గానీ, క్వాలిటీ టీమ్‌కి గానీ మార్పు అడగండి. కుదరకపోతే జీతం 80 వచ్చినా ప్రశాంతంగా ఉండే ఇంకో ఉద్యోగం చూసుకోండి. 80కి దిగితే నెల పొదుపు 45 నుంచి 25 అవుతుంది, బయటపడే రోజు పదకొండో నెలాఖరుకి జరుగుతుంది, అంతే. అసలు ఇక చేయలేనన్నంత దాకా వస్తే నా లెక్కల కోసం ఆగకండి. అప్పుడు మీరు దూకాల్సింది మాత్రం ఫ్రీలాన్స్‌లోకి కాదు, ఇంకో జీతంలోకి.

మానేసే రోజు దగ్గర పడ్డాక చూసుకోవాల్సినవి రెండే. ఏదైనా బోనస్ రావలసి ఉంటే అది ఖాతాలో పడ్డాకే రాజీనామా పెట్టండి. ఇల్లు మారే ఆలోచన ఉంటే జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే మారండి, ఫ్రీలాన్సర్ అనగానే ఇంటి ఓనర్లకూ బ్యాంకులకూ సందేహాలు మొదలవుతాయి.

తారీఖు మాట మిగిలిపోయింది. రెండు బ్యాంకు ఖాతాలు పెట్టుకోండి. క్లయింట్ల డబ్బంతా ఒకదాంట్లో పడాలి, ఆ ఖాతా ఏటీఎం కార్డు ఇంట్లో బీరువాలో ఉండాలి. అక్కడి నుంచి ప్రతి ఒకటో తారీఖున 68 ఇంటి ఖర్చుల ఖాతాకి దానంతటదే వెళ్లేలా పెట్టండి. 71 వచ్చిన నెలలోనూ 68, సున్నా వచ్చిన నెలలోనూ 68. ఇది ఉద్యోగంలో ఉండగానే అలవాటు చేసుకోవచ్చు. బొమ్మల డబ్బు ఇప్పటి నుంచే వేరే ఖాతాలో వేయండి, అక్కడి నుంచి ఏమీ తీయకండి.

ఇక ఈ వారం పని. కార్డు కట్టేశాక, ఆ 166 ఇచ్చిన పెద్ద క్లయింటుకి కాదు, ఆ రెండో చిన్న క్లయింటుకి కొత్త ధరతో, రెండు మార్పుల షరతుతో ఒక మెయిల్ పెట్టండి. వాళ్లు కాదన్నా మీకు పోయేది తక్కువ. ఆరేళ్లుగా రోజంతా కోపంగా ఉన్న మనుషులతో మాట్లాడినవారు మీరు. ధర దగ్గర తగ్గమని అడిగే ఒక్క పబ్లిషర్‌తో మాట్లాడలేరా?